పెన్సిలుతో గీసిన గడి

ఏటా ఎండలు ముదిరాక కాలువలు కట్టేస్తారు. నీళ్లు తీసిన నాలుగైదు రోజులకు అడుగున ఉన్న బురద ఎండడం మొదలవుతుంది. అప్పుడు విజయవాడ వీధుల్లోకి ఒక వాసన వస్తుంది. కుళ్లిన గుర్రపుడెక్క, చేపల పొలుసు, నానిన పడవ చెక్క, ఇంకా పేరు పెట్టలేనిదేదో కలిసిన వాసన. మా వీధిలో అందరూ ముక్కు మూసుకుని మునిసిపాలిటీని తిట్టుకుంటారు. నేను మాత్రం చేతికర్ర పట్టుకుని కట్ట మీదికి పోయి కాసేపు నిలబడి వస్తాను. ఎందుకని అడగడం మా ఆవిడ ఎప్పుడో మానేసింది. అడిగినా నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ వాసన తగిలితే నాకు దేవసహాయం గారు గుర్తుకొస్తారు. ఇస్త్రీ చేసిన తెల్ల కోటు, సబ్బు వాసన, నున్నగా దువ్విన తల. అంత శుభ్రమైన మనిషి ఇంత కుళ్లు వాసనలో గుర్తుకు రావడం ఆయనకు చేసే మర్యాదేనా అని కూడా ఒక్కోసారి సందేహం వస్తుంది.

అప్పట్లో ఈ ఊరిని బెజవాడ అనేవాళ్లం. యుద్ధం ఇంకా నడుస్తోంది. బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, చివరికి కట్టుకునే బట్టకూ కంట్రోలు. నాకు ఇరవై ఆరేళ్లు, కొత్తగా పెళ్లయింది. మాది బందరు దారిలో ఒక నేతపల్లె. అమ్మా నాన్నా ఇద్దరూ మగ్గం మీద బతికినవాళ్లే. నాకు నాలుగు అక్షరాలు అబ్బడంతో పోలీసు డిప్యూటీ గారి ఆఫీసులో గుమాస్తానయ్యాను. కాలువ వెంబడి ఉన్న స్టేషన్ల నుంచి నెలనెలా నేరాల లెక్కలు వచ్చేవి. దొంగతనాలెన్ని, కొట్లాటలెన్ని, అనుమానపు చావులెన్ని అన్నవి ఒకే ఫారం మీదికి ఎక్కించి, మొత్తం వేసి, పైకి పంపడం మా గది పని. ఆ గదికి పెద్ద దేవసహాయం గారు, హెడ్ గుమాస్తా. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఆఫీసు. ఆయనకు వేరే లోకం ఉన్నట్టు నాకు కనిపించేది కాదు.

చేరిన మొదటి రోజే ఒక స్టేషను కాగితం నా ముందు పెట్టి కూడమన్నారు. నేను చిటికెలో కూడి, "పదిహేడండీ" అన్నాను, మెచ్చుకుంటారేమోనని.

"ఎవరు చూశారు?" అన్నారాయన.

"స్టేషనువాళ్లు రాశారండీ."

"రాశారు సరేనయ్యా. చూసిందెవరు?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లెక్క తప్పిందేమోనని మళ్లీ కూడాను. పదిహేడే వచ్చింది. ఆయన కాగితం తీసుకుని, కుర్చీలోంచి లేచి, నిలబడి, పెదవులు కదుపుతూ ఒక్కొక్క అంకె మీద పెన్సిలు ఆనించి తానే కూడారు. ఆయనకు అదొక అలవాటు. మిగతా పనంతా కూర్చునే చేసేవారు, మొత్తం వేసేటప్పుడు మాత్రం లేచేవారు. ఎందుకండీ అని ఒకసారి అడిగితే నడుం నొప్పన్నారు. మరోసారి అడిగితే చర్చిలో నిలబడి నిలబడి అలవాటైందన్నారు. రెండింటిలో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆయన గత మూడేళ్ల కాగితాలు బల్ల మీద పరిచారు. అవి ఎగిరిపోకుండా ఒక కొండపల్లి బొమ్మను మీద పెట్టారు. ఆ బొమ్మ కాగితాల కంటే తేలిక, గాలికి అదే ముందు పడిపోయేది. ఆయన మళ్లీ లేపి పెట్టేవారు. నన్ను పిలిచి కాలువలో దొరికిన శవాల వరుస మీద వేలు పెట్టారు.

"ఇది చూడవయ్యా వీరభద్రం. కాలువ చివర, సముద్రం దగ్గరున్న స్టేషనులో ఏడాది పొడుగునా శవాలే. పైనున్న రెండు స్టేషన్లలో సున్నా. మళ్లీ వేసవి రెండు నెలలూ చూడు, పైవాళ్లకూ వస్తున్నాయి. కాలువకి నీళ్లు వదలగానే మళ్లీ సున్నా. నీళ్లు రాగానే పై ఊళ్లలో జనం చావడం మానేస్తారా?"

ఏదో తిరకాసు ఉందని తెలుస్తోంది గానీ అదేమిటో నాకు అంతు పట్టలేదు. ఆయనకు మాత్రం అప్పటికే తట్టినట్టుంది. ఆ శనివారం నన్ను వెంటబెట్టుకుని, బియ్యం బస్తాలు దింపి వెనక్కి పోతున్న పడవ ఎక్కి, మధ్య స్టేషను హద్దులో ఉన్న లాకు దగ్గర దిగారు. పడవలు దాటడానికి నీళ్లు ఎక్కించే, దించే తలుపులుండే చోటు అది. ఆ తలుపుల దగ్గర పనిచేసే లస్కరు పేరు పోలయ్య. దేవసహాయం గారు అతని పక్కనే గట్టు మీద, తెల్ల కోటు మాసిపోతుందన్న ఆలోచన లేకుండా కూర్చున్నారు. ఆయన నేల మీద కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి.

"కాలవలో మనుషులు కొట్టుకొస్తుంటారా పోలయ్యా?"

"వస్తారండి. వచ్చి పోతారండి."

"పోతారంటే?"

పోలయ్య నా వంక చూశాడు, ఆయన వంక చూశాడు. "మన హద్దులో ఆగితే మనకే కదండీ బాధ. పంచనామా అంటారు, డాక్టరంటారు, బండి కట్టమంటారు. జవాను గారు గెడ అందుకోరా అంటారండి. నేను తలుపు తీసి ఒక్క తోపు తోస్తే కిందోళ్ల హద్దులోకి పోద్దండి. పైనోళ్లు మాకు తోస్తారు, మేం కిందోళ్లకి తోస్తాం."

"మరి చివరివాళ్లో?"

"ఆళ్లకి కింద సముద్రమేనండి. పోటొస్తే తోసింది ఎనక్కొచ్చేస్తది. ఏం జేస్తారు, ఆళ్లే రాసుకుంటారు."

"నీకేమీ అనిపించదా?" అన్నారు దేవసహాయం గారు.

"దణ్ణం పెట్టుకునే తోస్తానండి," అన్నాడు పోలయ్య.

అతని మీద కోపం తెచ్చుకోవాలో జాలిపడాలో నాకు తెలియలేదు. వెనక్కి వస్తుండగా దేవసహాయం గారు అతని పేరు ఎక్కడా రాయవద్దని నాకు గట్టిగా చెప్పారు. వారం తిరక్కుండా డిప్యూటీ గారి సంతకంతో ఒక ఉత్తర్వు వెళ్లింది. కాలువలో శవం కనిపిస్తే, అది ఆగినా ఆగకపోయినా, చూసిన స్టేషను చూసినట్టు రాయాల్సిందే. ఏ రోజు, ఏ చోట, ఆడా మగా, వయసు, ఒంటి మీది బట్ట. గెడతో తోసే పని ఆగిందో లేదో గానీ రాయడం మొదలైంది. నెల తిరిగేసరికి మా ఫారంలో ఆ వరుస ఉబ్బిపోయింది. డిప్యూటీ గారు కాగితం పట్టుకుని మా గదిలోకే వచ్చేశారు.

"ఏంటండీ దేవసహాయం గారూ ఇది? జనమంతా నా ఏలుబడిలోనే కాలవలో పడుతున్నారనుకోరా పైవాళ్లు?"

"ఒక్క మనిషినే మూడు స్టేషన్లూ రాస్తున్నాయండి. ఏవి ఒకటో చూసి కలిపేస్తాం."

ఆ కలిపే పని నాకు అప్పజెప్పారు. "మగ్గం ఇంట పుట్టినవాడివి. చీర గుర్తులు మాకంటే నీకే బాగా తెలుస్తాయి," అన్నారు. నాకు ఒళ్లు పొంగిపోయింది. నిజం చెప్పాలంటే అంతవరకూ ఆ గదిలో నేను దేనికీ పనికిరాననే దిగులుండేది. మా పల్లెలో అంచు చూస్తే ఏ ఇంటి మగ్గమో, పేట చూస్తే ఏ చేతి నేతో చెప్పేయొచ్చు. ఒకే నేత చీర రెండిళ్లలో కనిపిస్తే అదొక వింత. ఆ కళ్లతోనే నేను స్టేషను కాగితాలు చదివాను. బట్ట ఒకటైతే మనిషి ఒకటే. నాకు అందులో అనుమానమే రాలేదు.

మాఘమాసంలో మధ్య స్టేషను ఇలా రాసింది. సుమారు ఇరవై ఏళ్ల స్త్రీ, ఆకుపచ్చ చీర, పసుపు అంచు, నీళ్లలో దిగువకు పోతుండగా చూడడమైనది. రెండు రోజుల తరువాత చివరి స్టేషను రాసింది. ఇరవై పాతికేళ్ల స్త్రీ, ఆకుపచ్చ చీర, పసుపు అంచు, ఒడ్డుకు తీయించి, బంధువులు గుర్తుపట్టగా అప్పగించడమైనది. ఆమె సముద్రం దగ్గరి పల్లె మనిషి, మూర్ఛ రోగం ఉందట. నేను రెండూ పక్కపక్కన పెట్టి, మొదటిదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, 'రెండూ ఒకటే' అని రాశాను. దేవసహాయం గారు చూసి, "రూఢేనా?" అన్నారు. "రూఢేనండీ," అన్నాను.

సరిగ్గా మరుసటి వారం నాంచారమ్మ వచ్చింది. కొండపల్లిలో బొమ్మలకు రంగులు వేసే మనిషి. వేళ్ల సందుల్లో ఎరుపు, పసుపు ఇంకిపోయి ఉన్నాయి. రైలు దిగి నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. ఒక్కగానొక్క కూతురు కోటేశ్వరిని కాలువ పక్క ఊరికి, మా మధ్య స్టేషను హద్దులోకే ఇచ్చింది. పది రోజుల కిందట ఆ పిల్ల కనిపించకుండా పోయింది. ఎవడితోనో లేచిపోయిందని అత్తింటివాళ్లు ఊరంతా చాటారు. స్టేషనుకు పోతే అక్కడా అదే మాట చెప్పి పంపేశారట.

"మా పిల్ల అట్టాంటిది కాదు బాబూ. అది ఉందో పోయిందో చెప్పండి చాలు. పోతే పోయిందని ఏడుస్తాను. లేచిపోయిందంటే నేనెట్టా ఒప్పుకునేది?"

దేవసహాయం గారు ఆ రోజు కోర్టు పని మీద బయటికి వెళ్లారు. నేనే అడిగాను, ఏ చీర కట్టుకుందని.

"ఆకుపచ్చది బాబూ. పసుపంచు."

నేను ఎంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతాయి. "ఆ చీర మనిషి దొరికిందమ్మా. ఆవిడ వేరే ఊరావిడ. వాళ్లవాళ్లు తీసుకెళ్లారు. మీ అమ్మాయి కాదు," అన్నాను.

నాంచారమ్మ రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. "సల్లగా ఉండు నాయనా. అయితే నా బిడ్డ బతికే ఉంది," అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పోతూ పోతూ బల్ల మీది బొమ్మను చూసి, "ఇది మా పక్కింటోళ్ల చెయ్యి. కళ్లు ఎప్పుడూ పెద్దవే పెడతారు," అంది. నేను కూడా నవ్వాను. అంచు చూసి మగ్గం చెప్పే నాలాంటి మనిషి మరొకరు కనిపించారని ముచ్చట పడ్డాను.

ఆ తరువాత ఆమె నెలకోసారి వచ్చేది, కూతురి జాడ ఏమైనా తెలిసిందేమోనని. కాలువలు కట్టే రోజులు దగ్గర పడుతుండగా ఒక పగలు వచ్చి వరండాలో కూర్చుంది. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని బయటికి వచ్చి అక్కడే ఆగిపోయాను. ఆమె కట్టుకున్నది ఆకుపచ్చ చీర. పసుపు అంచు.

"ఈ చీర ఎక్కడిదమ్మా?"

"కంట్రోలు షాపుది బాబూ. అల్లుడు రెండు తెచ్చాడు, నాకొకటి, పిల్లకొకటి. ఒకే తానులోవి. మా ఊళ్లో సగం మంది ఒంటి మీద ఇవే."

చెంబు ఆమె పక్కన పెట్టేశాను. మా ఇంట్లో కంట్రోలు బట్ట అడుగు పెట్టలేదు. మా ఆవిడ కట్టేవి అమ్మ మగ్గం మీద నేసినవే. ఒకే రంగు, ఒకే అంచు, లారీల మీద దిగి జిల్లా అంతా పరుచుకుంటుందన్న ఊహే నాకు రాలేదు. వీధిలోకి చూస్తే, నేను చూస్తున్న ఆ కాసేపట్లోనే అదే చీరతో మరో ఇద్దరు ఆడవాళ్లు బుట్టలెత్తుకుని పోయారు. వాళ్లు రోజూ పోతూనే ఉండి ఉంటారు. నాకు ఎందుకు కనబడలేదో నేను చెప్పలేను.

లోపలికి వెళ్లి దేవసహాయం గారికి చెప్పాను. ఆయన ఎర్ర సిరా కొట్టివేత ఉన్న కాగితం తీసి చూశారు. కోప్పడతారేమోనని కాచుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. ఆయన నన్ను తీసుకుని డిప్యూటీ గారి దగ్గరికి నడిచారు.

"ఆ నెల లెక్క పైకి పోయింది కదండీ. ఇప్పుడు తవ్వడమెందుకు?" అన్నారు డిప్యూటీ గారు.

"పోయిన లెక్క తప్పండి. తప్పు నాది," అన్నారు దేవసహాయం గారు.

ఆ తప్పు నాదని నేను అనలేదు. ఆ సిగ్గు ఇంకా నాతోనే ఉంది.

వారానికి కాలువ కట్టారు. నీళ్లు తీశాక పోలయ్య ముందు నడుస్తుంటే మేమూ, ఇద్దరు జవాన్లూ లాకు కింద నుంచి బురదలో వెతుక్కుంటూ వెళ్లాం. ఈ వాసనే, అప్పుడు ముఖం మీదే కొట్టింది. మూడో మైలు దగ్గర, ఎప్పుడో మునిగిపోయిన పడవ కింద, గుర్రపుడెక్క వేళ్లలో చిక్కుకుని, ఆకుపచ్చ బట్ట కనిపించింది. మూడు నెలలు నీళ్లలో ఉన్నదాన్ని గురించి ఎక్కువ చెప్పను. కాలి వేలికి వెండి మట్టెలున్నాయి. ఒకటి అరిగిపోతే తీగ చుట్టి బిగించారు. ఆ తీగ చుట్టింది తానేనని, గట్టు వెంబడే మాతో నడిచి వచ్చిన నాంచారమ్మ చెప్పింది. ఆమె అప్పుడు ఏడ్చిన ఏడుపు నాకు చెవుల్లోంచి పోలేదు. నేను ఆమెకు మూడు నెలల ఆశ ఇచ్చాను. అది మేలో కీడో తేల్చుకోలేక అక్కడే బురదలో నిలబడిపోయాను.

డాక్టరు చూసి ఏమీ తేలదన్నాడు. అప్పుడే తీయించి ఉంటే తేలేదట. మొగుడు కొట్టి తోశాడని ఊళ్లో కొందరన్నారు. బట్టలుతుకుతూ మెట్టు మీద జారడం కళ్లారా చూశామని మరికొందరన్నారు. చూస్తే అప్పుడే ఎందుకు చెప్పలేదంటే తల వంచుకున్నారు. అల్లుడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదో కాదో నేను పక్కనే ఉండి కూడా తెలుసుకోలేకపోయాను. ఏది నమ్మబోయినా రెండోది అడ్డం వచ్చేది.

ఫారంలో ఉన్న గడులు మూడు. హత్య, ఆత్మహత్య, ప్రమాదం. డిప్యూటీ గారు ప్రమాదమని రాసి ముగించమన్నారు. దేవసహాయం గారు స్కేలు తీసి, మూడో గడి పక్కన పెన్సిలుతో నాలుగో గడి గీసి, పైన గుండ్రటి అక్షరాలతో 'తెలియదు' అని రాశారు.

"సర్కారు ఫారంలో లేని గడి మనం గీయకూడదేమోనండీ," అన్నాను.

"మరి తెలుసా నీకు?" అన్నారు. "తెలిస్తే చెప్పు, ఆ గడిలోనే వేద్దాం."

అప్పుడాయన మొదటిసారి నా తప్పు మాట ఎత్తారు. "రెండింటిని ఒకటి చెయ్యమన్నది నేనే. నువ్వు రూఢి అంటే సరేనన్నదీ నేనే. నిన్ను చూసి రమ్మనలేదు." అంతే, మళ్లీ ఎప్పుడూ అనలేదు. నన్ను క్షమించారో, క్షమించాల్సింది తననే అనుకున్నారో నాకు అర్థం కాలేదు.

కర్మకాండ అయ్యాక నాంచారమ్మ వచ్చింది. కూతురి సంగతి కాగితం మీద రాశారా అని అడిగింది. ఆమెకు చదువు రాదు.

"రాశామమ్మా," అన్నారు దేవసహాయం గారు.

"లేచిపోలేదని రాశారా?"

అలాంటి గడి ఏ ఫారంలోనూ ఉండదు. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా, "రాశాను," అని ఫారం ఆమె వైపు తిప్పి చోటు చూపించారు. ఆమె రంగు ఇంకిన వేలితో ఆ చోట తడిమి, కళ్లకు అద్దుకుని వెళ్లిపోయింది. చూడనిదేదీ ఒప్పుకోని మనిషి అలా అనడంతో నాకు మతి పోయింది.

"అలా రాయలేదు కదండీ," అన్నాను, ఆమె గేటు దాటాక.

"చనిపోయిందని రాశాం కదయ్యా. ఆవిడ అంతకంటే వేరే అడిగిందా?"

నిజానికి అప్పటికి ఆ 'తెలియదు' గడి ఖాళీగానే ఉంది. పెన్సిలు నా చేతికిచ్చి, "వెయ్యి," అన్నారు. నేను ఆ గడిలో ఒకటి వేశాను. తరువాత వరుస మొత్తం కూడాలి. కూడబోతూ చూసుకుంటే నేను నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"ఏం, నడుం నొప్పా?" అన్నారు దేవసహాయం గారు.

ఫారం తిరిగి వచ్చింది, లేని గడి గీయరాదని. ఆయన మరుసటి నెల మళ్లీ గీశారు. మళ్లీ వచ్చింది, మళ్లీ గీశారు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్లూ నేను గీశాను. దానివల్ల లెక్క బాగుపడిందో, పైవాళ్లకు చిరాకే మిగిలిందో నాకు ఎవరూ చెప్పలేదు. నేను చనిపోయినవాళ్లను కూడడం మానేసి చాలాకాలమైంది. అయినా ఇప్పటికీ, పెళ్లి పిలుపులకు ఎంతమంది వస్తారో కూడవలసి వచ్చినా సరే, చివరి అంకె దగ్గర లేచి నిలబడతాను. నడుం నొప్పా అని మా ఆవిడ అడుగుతుంది. అవునంటాను.